అన్సీ సరస్సు చుట్టూ ఒక రోజు సైకిల్ మీద: తరచుగా అడిగే ప్రశ్నలు

ఫ్రాన్స్ తూర్పు అంచున, ఆల్ప్స్ కొండలు మొదలయ్యే చోట ఉంది అన్సీ సరస్సు. జెనీవా, లియోన్, గ్రెనోబుల్‌లలో ఉండే మనవాళ్లు, పారిస్‌లో చదువుకునే పిల్లలు వేసవి రాగానే దీని గురించి అవే సందేహాలు మళ్లీ మళ్లీ అడుగుతుంటారు. అన్నిటినీ ఇక్కడ ఒకచోట పెట్టాం. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

## బయలుదేరక ముందు

మొత్తం ఎంత దూరం? రోజూ సైకిల్ తొక్కని మాలాంటివాళ్లు తిరగగలరా?

చుట్టూ దాదాపు 40 కిలోమీటర్లు. ఊళ్లలోకి దిగడం, దారి తప్పడం కలుపుకుంటే 42, 43 అవుతుంది. అన్సీ ఊరి నుంచి పడమటి ఒడ్డున దక్షిణానికి వెళ్తే సెవ్రియే 5 కిలోమీటర్లు, సాన్ జోరియో 10, దువాన్ 13, సరస్సు కొసన ఉన్న దూసార్ 18. అక్కడ తిరిగి తూర్పు ఒడ్డున పైకి వస్తే తల్లువార్ 26, మాంతోన్ 30, వేరియే 34. ఇవన్నీ ఉజ్జాయింపు లెక్కలే, ఒక కిలోమీటరు అటూ ఇటూ ఉండొచ్చు.

పడమటి సగం బల్లపరుపు నేల. తూర్పు సగంలో తల్లువార్, మాంతోన్‌ల మధ్య ఒక కొండ ఎక్కాలి. ఆపకుండా ఒక గంట సైకిల్ తొక్కగలిగే ఆరోగ్యం ఉంటే మొత్తం తిరిగి రావచ్చు. చాలామందికి ముందు అలిసేది కాళ్లు కాదు, సీటు మీద కూర్చునే చోటు. వెళ్లే ముందు రెండు మూడు వారాల పాటు వారానికి ఒకసారి ఒకటిన్నర గంట తొక్కి ఉంటే ఆ బాధ సగం తగ్గుతుంది.

ఎంతసేపు పడుతుంది? ఎన్నింటికి మొదలుపెట్టాలి?

గంటకి 14, 15 కిలోమీటర్ల వేగంతో తొక్కితే సైకిల్ మీద ఉండేది మూడు గంటల లోపే. ఫొటోలు, భోజనం, ఒక ఈత కలిపితే ఆరు గంటలు పెట్టుకోండి. జూలై, ఆగస్టుల్లో ఎనిమిదింటికల్లా బయలుదేరడం మంచిది. పదిన్నర దాటాక ట్రాక్ మీద రద్దీ మొదలవుతుంది, మధ్యాహ్నం ఎండ, ఆ తర్వాత ఉరుములు. అద్దె దుకాణాలు చాలావరకు తొమ్మిది దాకా తెరవవు కాబట్టి సైకిల్‌ని ముందురోజు సాయంత్రమే తెచ్చిపెట్టుకునే వీలుందేమో అడగండి.

ఏ నెలలో వెళ్తే బాగుంటుంది?

మే రెండో సగం, జూన్, సెప్టెంబర్. జూన్‌లో పొద్దు చాలా పెద్దది, రాత్రి తొమ్మిది దాటినా వెలుతురు ఉంటుంది. సెప్టెంబర్‌లో నీళ్లు ఇంకా వెచ్చగానే ఉంటాయి, సెలవుల జనం వెళ్లిపోయి ఉంటారు. ఆగస్టు ఆదివారం మాత్రం వద్దు. ఆ ఒక్కరోజే వీలైతే పొద్దున్నే పోయి పదకొండుకల్లా పని ముగించుకోండి. ఏప్రిల్‌లో కొండల మీద మంచు, కింద పూలు కనిపించి చూడ్డానికి చాలా బాగుంటుంది కానీ గాలి చలిగా ఉంటుంది, నీళ్లలోకి దిగలేం.

జెనీవా నుంచి పొద్దున వెళ్లి రాత్రికి వచ్చేయొచ్చా? లియోన్, పారిస్ నుంచి?

జెనీవా నుంచి హాయిగా వెళ్లి రావచ్చు. రోడ్డు మీద దాదాపు 40 కిలోమీటర్లే. బస్సులున్నాయి, 2019 డిసెంబర్‌లో మొదలైన లెమాన్ ఎక్స్‌ప్రెస్ రైలు కూడా అన్మాస్ మీదుగా అన్సీ దాకా వస్తుంది, గంటన్నరకి పైనే పడుతుంది. లియోన్ నుంచి రైల్లో దాదాపు రెండు గంటలు, మొదటి బండి పట్టుకుంటే ఒకరోజులో అయిపోతుంది. పారిస్ నుంచి టీజీవీ అనే వేగపు రైల్లో నాలుగు గంటల దాకా పడుతుంది, ఒక రాత్రి ఉండాల్సిందే. స్టేషన్ నుంచి సరస్సు ఒడ్డుకి నడిచి పావుగంట.

స్విట్జర్లాండ్ నుంచి వచ్చేవాళ్లు పాస్‌పోర్టు, నివాస కార్డు రెండూ దగ్గర ఉంచుకోవాలి. సరిహద్దులో రోజూ ఆపకపోయినా, ఆపిన రోజున ఫోన్‌లో ఫొటో చూపిస్తే కుదరదు. ఫ్రాంకులు కాదు, ఇక్కడ నడిచేది యూరోలు.

పడమటి ఒడ్డు నుంచి మొదలుపెట్టాలా, తూర్పు నుంచా?

మమ్మల్ని ఎక్కువగా అడిగేది ఇదే. దీనికి అందరికీ సరిపోయే జవాబు లేదు, నెలనీ మనిషినీ బట్టి మారుతుంది.

పడమటి ఒడ్డు నుంచి, అంటే సెవ్రియే వైపుగా మొదలుపెడితే మొదటి 18 కిలోమీటర్లు చదునైన ట్రాక్. కాళ్లు నిదానంగా వేడెక్కుతాయి, కొత్త సైకిల్ అలవాటవుతుంది. అలిసిపోతే దూసార్‌లో వెనక్కి తిరిగి అదే చదును దారిలో వచ్చేయొచ్చు. ఇబ్బంది ఏమిటంటే కొండ 26వ కిలోమీటరు తర్వాత వస్తుంది, అదీ సరిగ్గా భోజనం చేశాక, నడినెత్తిన ఎండలో.

తూర్పు నుంచి, అంటే వేరియే వైపుగా మొదలుపెడితే కొండ మొదటి గంటన్నరలోనే అయిపోతుంది. అటువైపు తూర్నెత్, లాన్‌ఫోన్ శిఖరాలు సూర్యుడికి అడ్డం ఉంటాయి కాబట్టి పొద్దున్నే వెళ్తే ఆ ఒడ్డున చాలాసేపు నీడ దొరుకుతుంది. మధ్యాహ్నం ఆ ఒడ్డు పెనంలా కాలుతున్న వేళకి మీరు అవతలి ఒడ్డున చెట్ల కింద ఉంటారు. సాయంత్రం ముందుగా నీడ పడేది కూడా సెమ్నో కొండ కింద ఉన్న పడమటి ఒడ్డునే. ఇంకో లాభం: ఫ్రాన్స్‌లో బండ్లు కుడిపక్కన నడుస్తాయి, ఈ దిశలో సరస్సు కూడా మీకు కుడిచేతివైపే ఉంటుంది. తూర్పు ఒడ్డున రోడ్డు మీద తొక్కాల్సిన చోట, ఫొటో కోసం ఆగాలంటే రోడ్డు దాటక్కర్లేదు.

మా మాట: ఎండాకాలంలో, చాలినంత దమ్ము ఉన్నవాళ్లు తూర్పు నుంచి మొదలుపెట్టండి. పిల్లలు, కొత్తవాళ్లు, చల్లని నెలల్లో వచ్చేవాళ్లు పడమటి నుంచి. బీజ్ అనే చలిగాలి ఈశాన్యం నుంచి వీచే రోజైతే ఇంకో లెక్క వేసుకోవాలి. ఆ రోజు పడమటి నుంచి మొదలుపెడితే తిరుగు దారంతా ఎదురుగాలి తూర్పు ఒడ్డున, కొండతో కలిసి వస్తుంది.

## సైకిల్ సంగతి

మామూలు సైకిల్ చాలా, ఎలక్ట్రిక్‌ది తీసుకోవాలా?

ఉన్నది ఒక్క కొండే కాబట్టి గేర్లున్న మామూలు సైకిల్ చాలు. ఎలక్ట్రిక్ సైకిల్‌కి అద్దె దాదాపు రెట్టింపు ఉంటుంది. జంటలో ఒకరు బాగా తొక్కేవాళ్లు, ఇంకొకరు కొత్తవాళ్లు అయితే ఆ కొత్తవాళ్లకి మాత్రం ఎలక్ట్రిక్ తీసుకోండి. ఒకరి కోసం ఒకరు ఆగే గొడవ ఉండదు.

యూరప్ చట్టం ప్రకారం దాని మోటార్ 250 వాట్లు, గంటకి 25 కిలోమీటర్లు దాటగానే సాయం ఆగిపోతుంది. స్కూటర్‌లా పెడల్ తొక్కకుండా పోదు. 400, 500 వాట్-అవర్ బ్యాటరీ ఈ 40 కిలోమీటర్లకి మిగులుతుంది కూడా. చదునులో అతి తక్కువ సాయం పెట్టి, కొండ దగ్గర పెంచుకోండి. బరువు 25 కిలోల దాకా ఉంటుంది, మెట్ల మీద మోయాల్సి వస్తే తెలుస్తుంది.

రేసింగ్ సైకిల్ ఇస్తామన్నా అలవాటు లేనివాళ్లు తీసుకోకండి. వంగి కూర్చుంటే చూసేది సరస్సు కాదు, ముందు చక్రం.

అద్దె దుకాణంలో ఏం చూసుకుని తీసుకోవాలి?

గుర్తింపు కార్డు, డిపాజిట్ కోసం క్రెడిట్ కార్డు అడుగుతారు. సైకిల్ మీద ఉన్న గీతల్ని ఇచ్చేవాళ్ల ముందే ఫొటో తీసుకోండి.

తర్వాత సీటు ఎత్తు. సీటు మీద కూర్చుని పెడల్‌ని పూర్తిగా కిందికి తెచ్చి దాని మీద మడమ పెడితే కాలు నిటారుగా రావాలి. తొక్కేటప్పుడు పాదం ముందు భాగం పెడల్ మీద ఉంటుంది కాబట్టి మోకాలు కొద్దిగా వంగి సరిపోతుంది. నేల మీద రెండు పాదాలూ పూర్తిగా ఆనాలని సీటు దించుకుంటారు మనవాళ్లు. 40 కిలోమీటర్లు అలా తొక్కితే సాయంత్రానికి మోకాళ్లు పట్టేస్తాయి.

టైరుని బొటనవేలితో గట్టిగా నొక్కండి, కొంచెమే దిగాలి. ఎంత గాలి ఉండాలో టైరు పక్క గోడ మీద అచ్చు వేసి ఉంటుంది. 38, 40 మిల్లీమీటర్ల వెడల్పు టైరుకి సుమారు 50 పీఎస్‌ఐ సరిపోతుంది. ముందు చక్రం ఎత్తి తిప్పి చూడండి, బ్రేకుకి రాసుకోకూడదు. గేర్లన్నీ ఒకసారి మార్చి చూడండి, ముఖ్యంగా వెనక అన్నిటికంటే పెద్ద పళ్లచక్రం మీదికి చైన్ ఎక్కుతుందా లేదా. కొండ మీద మీకు కావాల్సింది అదే. తాళం, పంపు, ఒక స్పేర్ ట్యూబ్, టైరు విప్పే ప్లాస్టిక్ లివర్లు అడిగి తీసుకోండి.

బ్రేకులు మన దగ్గరలా లేవేంటి?

అవును, తిరగేసి ఉంటాయి. మన దేశంలో సైకిల్‌కి కుడిచేతి బ్రేకు ముందు చక్రానిది. ఫ్రాన్స్‌లో ఎడమచేతిది ముందు చక్రానిది, కుడిచేతిది వెనకది. ఇంటి దగ్గర ఎడమచేత్తో వెనక బ్రేకు గట్టిగా పట్టే అలవాటున్నవాళ్లు ఇక్కడ కంగారులో అదే పని చేస్తే ముందు చక్రం బిగుసుకుని మనిషి హ్యాండిల్ మీదుగా ఎగిరి పడతాడు. డిస్కు బ్రేకులైతే ఒక వేలితో పట్టినా పని చేస్తాయి, ప్రమాదం ఇంకా ఎక్కువ.

దుకాణం ముందే, ఖాళీ చోట పదిసార్లు ఆగి చూడండి. కుడిచేత్తో మొదలుపెట్టి, ఎడమచేతిని మెల్లగా కలపడం, ఆపేటప్పుడు ఒంటిని కొంచెం వెనక్కి జరపడం. ఆ పదిసార్లూ అయ్యాకే రోడ్డెక్కండి. ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలకి సైకిల్ ఇస్తుంటే ముందుగా చెప్పాల్సిన మాట ఇదే.

హెల్మెట్ తప్పనిసరా? ఇంకా ఏ రూల్స్‌కి ఫైన్ వేస్తారు?

2017 మార్చి నుంచి 12 ఏళ్ల లోపు పిల్లలకి హెల్మెట్ చట్టం ప్రకారం తప్పనిసరి, వెనక సీట్లో కూర్చునే పిల్లలకి కూడా. పెద్దలకి చట్టం లేదు, కానీ పెట్టుకోండి. చెవిలో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని తొక్కితే 135 యూరోల ఫైన్, ఒక్క చెవిలో పెట్టినా అంతే. ఫోన్ చేత్తో పట్టుకుని తొక్కకూడదు. తాగి కారు నడిపితే ఉన్న పరిమితే సైకిల్‌కీ వర్తిస్తుంది.

కాలిబాట మీద తొక్కడానికి ఎనిమిదేళ్ల లోపు పిల్లలకే అనుమతి. గంట తప్పనిసరి. చీకట్లో ముందూ వెనకా లైట్లు ఉండాలి, ఊరి బయట మెరిసే జాకెట్ వేసుకోవాలి. రౌండబౌట్‌లో లోపల తిరుగుతున్నవాళ్లకి దారి ఇవ్వాలి. బోర్డులు, గీతలు ఏమీ లేని చౌరస్తాలో కుడివైపు నుంచి వచ్చే బండికి ముందు హక్కు.

## దారిలో

దారంతా సైకిల్ ట్రాకేనా, కార్ల మధ్య తొక్కాలా?

పడమటి ఒడ్డున పాత రైలు దారినే ట్రాకుగా మార్చారు. 1901లో అన్సీ నుంచి ఆల్బెర్‌విల్‌కి వేసిన లైను అది. రైలు ఎక్కలేనంత ఎత్తు ఉండదు కాబట్టి ట్రాకూ చదునే. తారు నున్నగా ఉంటుంది, కార్లు ఉండవు.

తూర్పు ఒడ్డున అలా కాదు. ట్రాకు ముక్కలు ముక్కలుగా వస్తుంది, పోతుంది. మధ్యలో ఊరి వీధులు, రోడ్డు పక్కన గీసిన సైకిల్ గీతలు, కొండ మీద కార్లతో కలిసి తొక్కే రోడ్డు. డ్రైవర్లు ఊరి బయట మిమ్మల్ని దాటేటప్పుడు ఒకటిన్నర మీటరు, ఊళ్లో ఒక మీటరు ఎడం ఇవ్వాలి, చాలావరకు ఇస్తారు. అంచుకి మరీ ఒదిగి తొక్కకండి, అలా తొక్కితే ఖాళీ ఉందనుకుని ఇరుకులో దాటబోతారు. అంచుకి అర మీటరు పైన లోపలికి, తిన్నగా పోతుంటే వెనకవాళ్లు ఆగి చూసుకుని దాటుతారు.

ట్రాక్ మీద జనం ఎక్కువగా ఉంటారట, ఎలా తొక్కాలి?

నడిచేవాళ్లు, రోలర్ స్కేట్లవాళ్లు, తోపుడు బండిలో పసిపిల్లలు, రేసు సైకిళ్లవాళ్లు, అందరిదీ ఒకటే దారి. కుడిపక్కన ఉండండి, ఎడమ నుంచి దాటండి. దాటే ముందు పది మీటర్ల దూరంలోనే గంట ఒకసారి కొట్టండి. పక్కకి వచ్చాక కొడితే మనిషి ఉలిక్కిపడి మీ ముందుకే దూకుతాడు. "బోన్‌జూర్", "మెర్సీ" అన్న రెండు మాటలు గంట కన్నా బాగా పని చేస్తాయి.

నలుగురైదుగురు కలిసి వచ్చినప్పుడు పక్కపక్కనే కబుర్లు చెప్పుకుంటూ తొక్కడం మనకి సరదా. ఇక్కడ ఎదురుగా గుంపు వస్తే తప్పుకునే చోటుండదు. ఆగాలనుకుంటే ముందు చెయ్యి ఊపి, తారు మీద నుంచి గడ్డిలోకి దిగి ఆగండి. సెల్ఫీ కోసం ట్రాకు మధ్యలో నిలబడ్డవాళ్ల వల్లే గుద్దుకోవడాలు ఎక్కువ.

ట్రాక్ రోడ్డుని దాటే చోట ఎవరు ఆగాలి?

ఒక్కోచోట ఒక్కో రకం. కొన్ని చోట్ల కార్లు ఆగాలి, కొన్ని చోట్ల మీరు. తలకిందులు త్రికోణం బోర్డు మీ వైపు ఉంటే మీరే ఆగి దారి ఇవ్వాలి. ముందు క్రాసింగ్‌లో కార్లు ఆగాయి కదా అని తర్వాతి దాంట్లో దూసుకుపోకండి. పిల్లలతో ఉంటే ప్రతిచోటా కాలు కింద పెట్టి దాటండి. దారికి అడ్డంగా పాతిన స్తంభాలు కూడా ఉంటాయి. ముందువాడి వెనక చక్రానికి అంటుకుని పోయేవాళ్లకి అవి ఆఖరి క్షణం దాకా కనిపించవు.

దువాన్ దగ్గర టన్నెల్ ఉందట, భయమా?

లేదు. పాత రైలు సొరంగం, 200 మీటర్లకి లోపే, లోపల లైట్లున్నాయి. ఎండలోంచి లోపలికి వెళ్లగానే కళ్లు కొద్దిసేపు ఏమీ చూడలేవు కాబట్టి ముందే నెమ్మదించి, నల్ల కళ్లద్దాలు తీసేయండి. లోపల చల్లగా, కొన్నిచోట్ల నేల తడిగా ఉంటుంది. దక్షిణం వైపు బయటికి రాగానే అంతవరకు చూసిన వెడల్పాటి నీళ్లు పోయి, నిటారు కొండల మధ్య ఇరుకైన చిన్న సరస్సు ఎదురవుతుంది. దువాన్ కొమ్ము దగ్గరే సరస్సు పెద్ద సరస్సు, చిన్న సరస్సు అని రెండుగా విడిపోతుంది. అందరూ అక్కడే ఆగుతారు. సొరంగం నోటి దగ్గర కాకుండా, యాభై మీటర్లు ముందుకి వెళ్లి ఆగండి.

తల్లువార్ ఎక్కుడు నిజంగా అంత కష్టమా? దిగి నడిపించుకుంటూ పోవచ్చా?

సరస్సు మట్టం 447 మీటర్లు. తల్లువార్ ఒడ్డు నుంచి ఎషార్వీన్ వైపు దాదాపు రెండు కిలోమీటర్లలో సుమారు నూరు మీటర్లు ఎక్కుతారు. తిరుమల ఘాట్‌ రోడ్డు లాంటిదేమీ కాదు, కానీ ఊరకే తొక్కేస్తే వచ్చేది కూడా కాదు.

కష్టపడేవాళ్లు కొండ వల్ల కాదు, గేరు ఆలస్యంగా మార్చడం వల్ల కష్టపడతారు. పెడల్ మీద బరువు పడ్డాక గేరు మారిస్తే చైన్ కరకరమని పట్టేస్తుంది, లేదా జారి ఊడిపోతుంది. ఎత్తు మొదలవడానికి ఇరవై మీటర్ల ముందే, పెడల్ తేలిగ్గా తిరుగుతున్నప్పుడే ముందు చిన్న చక్రానికి దించండి. తర్వాత వెనక ఒక్కొక్కటే పెద్దవాటికి మారుస్తూ పోండి. మాట్లాడగలిగేంత ఊపిరి ఉండేలా, పెడల్ నిమిషానికి అరవై చుట్లకి తగ్గకుండా చూసుకుంటే చాలు. నిలబడి తొక్కితే రెండు నిమిషాల్లో అలిసిపోతారు.

దిగి నడిపించుకోవచ్చు, సిగ్గుపడేదేం లేదు, పావుగంట ఎక్కువ పడుతుంది అంతే. రోడ్డు అంచున, ఒకరి వెనక ఒకరు నడవండి.

దిగేటప్పుడు ఏం జాగ్రత్త?

మలుపులో కాదు, మలుపుకి ముందే వేగం తగ్గించండి. బ్రేకు పట్టే ఉంచకుండా పట్టి వదలండి, లేకపోతే రిమ్ము, డిస్కు కాగిపోయి పట్టు తగ్గుతుంది. మలుపులో లోపలివైపు పెడల్ పైకి ఉండాలి, కిందికి ఉంటే నేలకి తగులుతుంది. చున్నీ, పొడవాటి కుర్తా అంచులు, బ్యాగు తాళ్లు ముడేసి లోపల దోపుకోండి.

ఫొటోలకి ఎక్కడ ఆగితే బాగుంటుంది?

సాన్ జోరియో దగ్గర రెల్లు పొదల మధ్య నీళ్లు, దువాన్ కోట, తల్లువార్ దగ్గరి ఆంగోన్ ఒడ్డు. తల్లువార్ నుంచి చూస్తే ఎదురుగా నీళ్లకి అవతల దువాన్ కోట కనిపిస్తుంది. చిత్రకారుడు సెజాన్ 1896 వేసవిలో తల్లువార్‌లో ఉండి ఆ దృశ్యాన్నే గీశాడు. తూర్పు ఒడ్డు నుంచి పొద్దున, పడమటి ఒడ్డు నుంచి సాయంత్రం తీస్తే ఎదుటి కొండల మీద వెలుగు పడుతుంది.

దూసార్ దగ్గర సరస్సు కొసన, తల్లువార్ పక్కన రోక్ ద షేర్ అనే కొండ మీద రెండు ప్రకృతి రక్షిత ప్రాంతాలున్నాయి. లోపలికి నడిచి వెళ్లాల్సిందే, సైకిల్ బయట తాళం వేయండి.

## తిండి, నీళ్లు, ఈత

నీళ్లు మోసుకెళ్లాలా, దారిలో దొరుకుతాయా?

మనిషికి లీటరుతో మొదలుపెట్టండి. ఎండలో గంటకి అర లీటరు నుంచి ముప్పావు లీటరు తాగాలి. ఊళ్లలో రాతి తొట్ల దగ్గర పంపులుంటాయి. "ఓ పొతాబ్ల్" అని రాసి ఉంటే తాగొచ్చు, ముందు "నోన్" అని ఉంటే తాగకూడదు. ఏ బోర్డూ లేకపోతే తాగకపోవడమే మేలు. అన్సీ ఊరు తాగేది ఈ సరస్సు నీళ్లే, కానీ శుద్ధి చేశాక. అద్దంలా కనిపిస్తున్నాయని సీసా ముంచుకోకండి. 1957 నుంచి చుట్టూ ఉన్న ఊళ్లన్నీ కలిసి మురుగునీరు సరస్సులో కలవకుండా చుట్టూ పైపులు వేసుకున్నాయి, ఆ నీటి రంగు వెనక అంత పని ఉంది.

మేం శాకాహారులం. తినడానికి ఏం దొరుకుతుంది?

ఇంటి నుంచి పులిహోర, చపాతీ చుట్టలు తెచ్చుకుంటే అంతకు మించింది లేదు. పెరుగన్నం మాత్రం ఎండలో బ్యాగులో పుల్లబడుతుంది.

బయట తినాలంటే బేకరీలో జున్ను, టమాటా పెట్టిన బాగెత్ (పొడవాటి రొట్టె) అడగొచ్చు. ఆదివారం బేకరీలు చాలావరకు మధ్యాహ్నానికి మూసేస్తారు. హోటళ్లలో భోజనం పన్నెండు నుంచి రెండు దాకానే. రెండుంపావుకి వెళ్తే కుర్చీ దొరుకుతుంది కానీ అన్నం దొరకదు. ఈ ప్రాంతపు పేరున్న వంటకం తార్తిఫ్లెత్, బంగాళాదుంపల మీద రెబ్లోషోన్ జున్ను వేసి చేస్తారు. చూస్తే శాకాహారంలాగే ఉంటుంది, కానీ లోపల పందిమాంసం ముక్కలు వేస్తారు. "సాన్ లార్దోన్" అని అడిగితే కొన్నిచోట్ల అవి లేకుండా చేసిస్తారు. రెబ్లోషోన్‌ని దూడ కడుపులోంచి తీసే రెనెట్‌తో తోడుపెడతారు, పట్టింపు గట్టిగా ఉన్నవాళ్లు అది కూడా చూసుకోవాలి.

ఈత కొట్టొచ్చా?

సాన్ జోరియో, దూసార్, ఆంగోన్, తల్లువార్‌లలో ఒడ్డున ఈత చోట్లున్నాయి. కొన్నిటికి వేసవిలో టికెట్ ఉంటుంది. కాపలా ఈతగాళ్లు ఉండేది సాధారణంగా జూలై, ఆగస్టుల్లోనే. నీళ్లు వేసవి నడుమ 22, 23 డిగ్రీల దాకా వెచ్చబడతాయి, మే నెలలో ఇంకా వణికిస్తాయి. కొన్నిచోట్ల పది అడుగులు వేయగానే నేల ఒక్కసారిగా లోతుకి దిగిపోతుంది. ఈత రానివాళ్లు తాడు కట్టిన హద్దు దాటొద్దు. ఒళ్లు చెమటతో కాగుతుండగా ఒక్కసారిగా దూకకుండా, మెడ, చేతులు తడిపి మెల్లగా దిగండి.

## పిల్లలు, పెద్దవాళ్లు

పదేళ్ల పిల్లలు చుట్టూ తొక్కగలరా? చిన్నపిల్లల్ని ఎలా తీసుకెళ్లాలి?

రోజూ తొక్కే పదేళ్ల పిల్లలు 40 కిలోమీటర్లు లాగుతారు, అసలు ఇబ్బంది తూర్పు ఒడ్డున కార్లతో కలిసే ముక్క. పిల్లలకి మంచిది పడమటి ఒడ్డునే వెళ్లి అటే రావడం. దువాన్ దాకా పోయి వస్తే 26 కిలోమీటర్లు, దూసార్ దాకా అయితే 36, రెండిట్లోనూ కొండ లేదు.

ఐదేళ్ల లోపు పిల్లల్ని బెల్టు, చక్రంలో కాళ్లు పడకుండా అడ్డు ఉన్న సీటులోనే కూర్చోబెట్టాలి. ముందు కడ్డీ మీద తువ్వాలు చుట్టి కూర్చోబెట్టే మన పద్ధతికి ఇక్కడ ఫైన్ పడుతుంది. వెనక తగిలించే రెండు చక్రాల బండి అద్దెకి దొరుకుతుంది. అందులో పిల్లలు నిద్రపోతారు కాబట్టి అదే హాయి, స్తంభాల మధ్య దూరేటప్పుడు మాత్రం దాని వెడల్పు గుర్తుంచుకోండి.

సగం దారిలో అమ్మానాన్న అలిసిపోతే ఎలా?

సరస్సు మీద ఒడ్డు ఊళ్లని కలుపుతూ పడవలు తిరుగుతాయి. చోటుంటే సైకిల్ కూడా ఎక్కించుకోవచ్చు కానీ ఖాళీ, చార్జీ ఆ రోజే రేవులో అడగాలి, గుంపుగా వెళ్తే అందరికీ దొరక్కపోవచ్చు. చివరి పడవ ఎన్నింటికో పొద్దున్నే చూసి పెట్టుకోండి. అది తప్పితే ఒకరు అన్సీకి వచ్చి కారు తీసుకెళ్లాల్సి రావచ్చు.

## ఏదైనా తేడా వస్తే

పంక్చరైతే?

చక్రం విప్పండి. వెనకదైతే ముందుగా చైన్‌ని అన్నిటికంటే చిన్న పళ్లచక్రం మీదికి మార్చి విప్పితే తేలిక. రెండు లివర్లతో టైరు ఒక పక్క మాత్రమే రిమ్ము బయటికి లాగి ట్యూబ్ తీయండి. కొత్తది వేసే ముందు టైరు లోపల వేళ్లతో మెల్లగా తడమండి. ముల్లో గాజుముక్కో అక్కడే ఉంటే కొత్త ట్యూబ్ ఐదు నిమిషాల్లో పోతుంది. కొత్త ట్యూబ్‌లో కొంచెం గాలి కొట్టి గుండ్రంగా చేసి లోపల పెట్టండి, టైరు ఎక్కించడం వాల్వుకి ఎదురు పక్కన మొదలుపెట్టి, వాల్వు దగ్గర ముగించండి. చివరి ముక్క చేతులతోనే ఎక్కించాలి. లివర్ వాడితే ట్యూబ్ నొక్కుకుని చిరుగుతుంది.

మన దగ్గరి వాల్ ట్యూబ్ వాల్వులు ఇక్కడ కనిపించవు. ఒకటి కారు టైరు లాంటిది, ఇంకొకటి ప్రెస్టా అనే సన్నటిది. ప్రెస్టా కొసన ఉన్న చిన్న నట్టుని విప్పి, ఒకసారి నొక్కి గాలి తుస్సుమనిపించాకే పంపు పెట్టాలి, లేకపోతే ఎంత కొట్టినా గాలి ఎక్కదు.

ఉరుములు మొదలైతే?

వేసవి మధ్యాహ్నాల్లో కొండల మీద మబ్బు కట్టి గంటలోనే వాన దంచుతుంది. తూర్నెత్ శిఖరం చుట్టూ తెల్లమబ్బు గోపురంలా పైకి పెరుగుతుంటే అది గుర్తు. ఉరుము వినబడగానే నీళ్లలోంచి బయటికి రండి, ఒంటరి చెట్టు కింద నిలబడకండి, ఊళ్లో ఏదైనా భవనంలోకి వెళ్లండి. చివరి ఉరుము తర్వాత అరగంట ఆగి కదలండి. తడిసిన దారిలో బ్రేకు దూరం పెరుగుతుంది, తెల్ల గీతలు, ఇనుప మూతలు జారుతాయి.

దెబ్బ తగిలితే ఎవరికి ఫోన్ చేయాలి?

112. సిమ్ ఏ దేశానిదైనా పని చేస్తుంది. అంబులెన్స్ డాక్టర్లకి నేరుగా 15, ఫైర్ సర్వీసుకి 18. ఎక్కడున్నారో చెప్పడమే కష్టం కాబట్టి దాటిన ఊరి పేరు గుర్తుపెట్టుకుంటూ పోండి, లేదా ఫోన్ మ్యాపులో అంకెలు చదవండి. యూరప్ ఆరోగ్య బీమా కార్డు ఉన్నవాళ్లు వెంట తెచ్చుకోండి, స్విట్జర్లాండ్ వాళ్లకి అది బీమా కార్డు వెనకే ఉంటుంది.

సైకిల్ పోకుండా ఏం చేయాలి?

ఫ్రేముకీ స్తంభానికీ కలిపి తాళం వేయండి, చక్రానికి ఒక్కదానికే వేస్తే చక్రం మిగులుతుంది. ఎలక్ట్రిక్‌దైతే స్క్రీన్ తీసి జేబులో పెట్టుకోండి. ఈతకి దిగేటప్పుడు ఒకరు ఒడ్డున ఉంటే మంచిది.

## ఇంకా తొక్కాలనుంటే

టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ రేసు ఇక్కడ జరిగిందట, ఆ దారిలో మేమూ తొక్కొచ్చా?

2009లో 18వ అంచె, అంటే ఒక్కొక్కరే విడిగా గడియారంతో పోటీపడే టైమ్ ట్రయల్, ఈ సరస్సు చుట్టూనే జరిగింది, 40.5 కిలోమీటర్లు. ఆల్బెర్తో కాంతదోర్ 48 నిమిషాల 30 సెకన్లలో ముగించి గెలిచాడు. వాళ్లు పడమటి నుంచి మొదలుపెట్టి, తల్లువార్ తర్వాత ఇంకా పైకి బ్లుఫీ మీదుగా వెళ్లారు. ఆ రోడ్డు మీద కార్లు ఎక్కువ, కొత్తవాళ్లకి వద్దు.

2013లో సెమ్నో కొండ మీద ముగిసిన అంచెలో నైరో కింతానా గెలిచాడు. దాని శిఖరం 1699 మీటర్లు, అన్సీ నుంచి ఎక్కితే ఎత్తు 1200 మీటర్లకి పైనే, దానికి వేరే రోజు పెట్టుకోండి. దూసార్ వైపు నుంచి ఫోర్‌క్లాజ్ కనుమ కూడా ఉంది, సుమారు 1150 మీటర్లు, కొన్నిచోట్ల చాలా నిటారు. పారాగ్లైడర్లు ఎగిరేది ఆ పక్క నుంచే, దిగేది దూసార్ మైదానంలో. కొండలు వద్దు, దూరమే కావాలంటే దూసార్‌లో తిరగకుండా అదే పాత రైలు దారిలో ఫావెర్జ్, యుజీన్ మీదుగా ఆల్బెర్‌విల్ దాకా పోండి, అన్సీ నుంచి 45 కిలోమీటర్లు. తిరుగు రైలు నేరుగా ఉండదు, బళ్లు మారాలి. సైకిల్ ఎక్కించే చోటు తక్కువ కాబట్టి సాయంత్రం బండి మీద ఆశ పెట్టుకోకుండా మధ్యాహ్నం దానికే వెళ్లండి.